ఎంతిచ్చారని అడిగారుగా, లెక్క చెప్తా



ఈ పేజీలో మామూలుగా శనగ రేటు, మినుములో పల్లాకు తెగులు, కౌలు కార్డుల గోల ఇట్టాంటివే రాస్తుంటాను. ఇవాళ రాసేది అది కాదు. కొంచెం పెద్దగానే ఉంటది. ఓపిక ఉన్నవాళ్ళు చివరిదాకా చదివి అప్పుడు తిట్టండి. సగం చదివి తిట్టొద్దు.

మొన్న బుధవారం పొద్దున టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. మనోడే ఒకడు, పేరు చెప్పను, ఇవి చదువుతుంటాడు కూడా, "ఏం బాబాయ్, నువ్వు కూడా నీళ్ళల్లో మునిగావంట గదా, ఎంతిచ్చారేంది?" అన్నాడు. ఉన్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. నాకు కోపం రాలేదు. ఎందుకంటే మా ఊళ్ళో ఆ మాట మొదలుపెట్టిందే నేను. ముప్పై ఏళ్ళ కింద అదే కొట్టు ముందు, అదే చెక్కబల్ల మీద కూర్చుని, ఆదివారం చంకలో బైబిలు పెట్టుకుని పోతున్న మా నాయన్ని చూపించి, "మా ముసలోడికి నెలకెంత ముడతదో ఎవరికీ చెప్పడు" అని అందరినీ నవ్వించినోణ్ణి నేను.

కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు చెప్పే బాకీ నా మీదే ఉంది. తీర్చేస్తా.

ముందు నా సంగతి. ఒంగోలుకు పడమర నల్లరేగడి ఊరు మాది. మాదిగపల్లెలో పుట్టాను. సొంతం రెండెకరాలు, కౌలు నాలుగెకరాలు. 1987లో ఒంగోల్లో ఇంటర్ అయిపోయింది. ఆపైన చదివించే స్తోమత మా నాయనకు లేదు. ఆ రెండేళ్ళు గ్రంథాలయంలో చదివిందే నాకు డిగ్రీ. కోవూర్ రాసినవి చదివాను, విజయవాడ నాస్తిక కేంద్రం గోరా గారివి చదివాను. ఆ పుస్తకాలను ఇవాళ కూడా నేను తక్కువ చేసి మాట్లాడను. దెయ్యం పట్టిందని వేపమండలతో కొట్టించుకునే పిల్లని ఆస్పత్రికి తీసుకుపోవాలని నాకు నేర్పింది అవే. గోరా గారు అంటరానితనం తప్పని ఉపన్యాసం చెప్పి ఊరుకోలేదు, సొంత కూతుర్ని దళితుడికిచ్చి పెళ్ళి చేశారు. అంత పని చేసిన భక్తులు మన చుట్టుపక్కల ఎంతమంది ఉన్నారో మీరే లెక్కపెట్టుకోండి.

అయితే నేను చర్చి గడప దిగింది పుస్తకం చదివి కాదు. మా పెద్దమ్మ కొడుకు, నాకన్నా రెండేళ్ళు పెద్ద, క్షయ వచ్చింది. మందులు ఆరు నెలలు ఆపకుండా వాడాలని సర్కారు ఆస్పత్రిలో చెప్పారు. మూడో నెలకు దగ్గు తగ్గి, ఒంటికి కొంచెం కండ పట్టింది. అప్పుడు ఎవరో స్వస్థత కూటానికి తీసుకుపోయారు. వేదిక మీద ఉన్నాయన తల మీద చెయ్యి పెట్టి, నీకు బాగయింది, ఇంక మందు మింగితే దేవుణ్ణి అనుమానించినట్టే అన్నాడు. మా అన్న నమ్మాడు. మందులు ఆపేశాడు. ఏడాది తిరక్కుండా పోయాడు. సమాధి దగ్గర ఆ కూటపోళ్ళలో ఒకడు, "విశ్వాసం చాల్లేదు, ఏం చేస్తాం" అన్నాడు. మా పెద్దమ్మ వింటుండగా అన్నాడు. ఆ రోజు నుంచి పాతికేళ్ళ పైన నేను గుడికి గానీ చర్చికి గానీ పోలేదు. ఆ మాట అన్నోణ్ణి నేను ఇవాళ్టికీ క్షమించలేకపోతున్నా. క్షమించాలని తెలుసు. చేతకావడం లేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, నా అనుమానం ఊరికే వచ్చింది కాదు అని తెలియాలి. ఇప్పుడు మీరు నన్ను అడిగేవన్నీ నేను ఒకప్పుడు ఇంకా గట్టిగా అడిగినవే. అవి మూడు మాటలు. ఒకటి, డబ్బుకో బియ్యానికో పోయారు. రెండు, బుద్ధి తాకట్టు పెట్టారు. మూడు, పంట పండుద్ది, రోగం తగ్గుద్ది అన్న ఆశతో పోయారు. వరసగా చెప్తా.

మొదటి మాట. డబ్బు, బియ్యం.

దీనికి మన జిల్లాలోనే జవాబు ఉంది. మన తాతలు ధాత కరువు అని చెప్పేవాళ్ళే, 1876 నుంచి 78 దాకా వచ్చిన కరువు, అప్పటి సంగతి. ఒంగోల్లో అమెరికన్ బాప్టిస్టు మిషను నడిపిన క్లౌ దొర అని ఒకాయన ఉండేవాడు. జాన్ ఎవరెట్ క్లౌ. పాదిరి కాకముందు అమెరికాలో భూములు కొలిచే సర్వే పని చేసినోడు. కరువులో సర్కారు బకింగ్‌హాం కాలవ తవ్విస్తుంటే, అందులో మూడున్నర మైళ్ళ ముక్క ఆయన కంట్రాక్టు తీసుకున్నాడు. వేల మందికి మట్టి పని దొరికింది. మేస్త్రీలుగా నిలబడింది మిషను బోధకులే. ఎక్కువ మంది మా మాదిగోళ్ళు.

ఇప్పుడు అసలు విషయం వినండి. జనం బాప్తిస్మం ఇవ్వమని వచ్చి అడిగారు. క్లౌ దొర ఇవ్వనన్నాడు. కూలి నా చేతిలో ఉన్నన్నాళ్ళు, సాయం పంచుతున్నన్నాళ్ళు ఎవరికీ ఇవ్వను అని దాదాపు పదిహేను నెలలు ఆపేశాడు. మనుషుల్ని కూడగట్టుకోవాలనుకున్నోడికి అంతకన్నా మంచి అదను దొరకదు. ఆయన ఆ అదనులోనే గేటు వేశాడు. కరువు తగ్గింది, సాయం అయిపోయింది, ఇంక నా దగ్గర ఇచ్చేదేమీ లేదని చెప్పాడు. అప్పుడు కూడా జనం పోలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు అలిసిపోతే ఇంకో ఇద్దరు దిగుతూ ఇచ్చారు. ఆ ఏడాది పూర్తయ్యేసరికి తొమ్మిది వేలు దాటారు.

నేను నాస్తికుణ్ణిగా ఉన్నప్పుడు ఈ 2,222 అంకె నాకు తెలుసు. కరువులో కడుపు కాలి పోయారు అని వాదించేవాణ్ణి. ఆ పదిహేను నెలల సంగతి మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ వెతకలేదు. నాకు కావాల్సిన అంకె దొరికింది, దాంతో ఆపేశా. అనుమానం గల మనిషినని చెప్పుకుంటూ, నాకు నచ్చిన మాటను మాత్రం అనుమానించలేదు.

కరువు రాకపోతే అంతమంది పోయేవాళ్ళా అంటే, బహుశా పోయేవాళ్ళు కాదు. ఒప్పుకుంటా. కష్టంలో తమని మనుషులుగా చూసింది ఎవరో వాళ్ళు చూశారు, గుర్తుపెట్టుకున్నారు. అది అమ్ముడుపోవడం ఎట్టా అయిద్ది? మీ చేలో పంట మునిగితే పంపు సెట్టు తెచ్చి నీళ్ళు తోడిన పక్క చేనోణ్ణి మీరు జన్మంతా నమ్ముతారు. వాడు మిమ్మల్ని కొన్నట్టా?

చేరాక ఏం వచ్చిందో కూడా చూడండి. మిషను పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఆ రోజుల్లో ఊరి చాకిరీ మీద బతికే మనిషి ఆదివారం పనికి రానంటే, జాతరకు డప్పు కొట్టనంటే ఏమయిద్దో మీకు చెప్పక్కర్లేదు. కళ్ళంలో రావాల్సిన గింజలు ఆగిపోయినవాళ్ళు, దెబ్బలు తిన్నవాళ్ళు ఉన్నారు. అంతకుముందే, 1866లో, తాళ్ళకొండపాడు నుంచి ఎర్రగుంట్ల పేరయ్య అనే తోలు వ్యాపారి వచ్చి బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పటికి కరువూ లేదు, కాలవా లేదు. యోగం నేర్పే గురువుల దగ్గర ఏళ్ళ తరబడి తిరిగి, ఇంకా తృప్తి లేక వెతుకుతున్న మనిషి ఆయన. తోలు పని చేసే మాదిగోడు దేవుడి సంగతి వెతుక్కుంటాడని మనకు తట్టదు. వాడు బియ్యం కోసమే వెతకాలి. ఈ "ఎంతిచ్చారు" అనే మాటలో ఉన్న విషం అదే. పెద్దింటోడు ఆశ్రమానికి పోతే జ్ఞానం కోసం అంటాం, పల్లెలోడు ప్రార్థనకు పోతే గింజల కోసం అంటాం. నేను ఆ పల్లెలోనే పుట్టి ఆ మాట అన్నాను. దానికి ఇవాళ సిగ్గుపడుతున్నా.

ఇంక ఈ కాలం లెక్క. 1950లో వచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడు ఎస్సీ కాడు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో కలిపారు. క్రైస్తవులను కలపలేదు. మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు బీసీ-సీ. రిజర్వేషను ఒక్క శాతం. నేను నాది బీసీ-సీ అని రాయించుకున్నా. సబ్సిడీ బోరుకు పెట్టుకున్న దరఖాస్తు వెనక్కి తీసుకున్నా. నా భార్య నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఆమె నాకన్నా ముందు నుంచి ప్రార్థన చేసుకునే మనిషే, అయినా బోరు బోరే గదా. మా అబ్బాయికి పాతికేళ్ళు. వాడి కాగితం, వాడి నమ్మకం వాడిష్టం, నేను వేలు పెట్టను. కాగితం మార్చుకోని వాళ్ళని కూడా నేను వేలెత్తి చూపను. హోటల్లో వేరే గ్లాసు పెట్టిన రోజుల్లో నీకు బాప్తిస్మం అయిందా అని అడిగి పెట్టలేదు. అంటరానితనం మతం చూసి ఆగనప్పుడు కాగితం మాత్రం మతం చూసి ఆగడం నాకు న్యాయం అనిపించదు. ఆ వాదన ఇంకోరోజు రాస్తా.

రెండో మాట. బుద్ధి తాకట్టు.

మా నాయన 2014లో పోయాడు. శవం దగ్గరికి ఊళ్ళో నుంచి ఒకామె వచ్చింది. మా పల్లె ఆమె కాదు, మా కులం కాదు, చర్చి మొహం చూసిన మనిషి కాదు. ఆమె భర్త పత్తి అప్పుల్లో పురుగుమందు తాగి పోయినోడు. ఆమె వచ్చి మా నాయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. నాకు అర్థం కాలేదు. తర్వాత చెప్పింది. ఆయన పోయిన ఏడాదంతా మా నాయన వారం వారం వెళ్ళి, గడప బయట కూర్చుని, ఒక సంచి బియ్యం పెట్టి, పిల్లలు బడికి పోతున్నారా అని అడిగి వచ్చేవాడంట. దేవుడి మాట ఒక్కసారి కూడా ఎత్తలేదంట.

ఆ బియ్యం ఎక్కడివో నాకు తెలుసు. పిడికెడు బియ్యం. మా సంఘంలో ఆడవాళ్ళు పూట పూటా వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి కుండలో వేస్తారు, ఆదివారం తెచ్చి ఇస్తారు. దాని మీద నేను మా నాయనతో ఎన్ని గొడవలు పడ్డానో. మనం రెండు రూపాయల వడ్డీకి తెచ్చి తింటుంటే పాస్టరుకు పెడతావా అని. ఆ కుండలో బియ్యం ఎటు పోతున్నాయో ఒకే ఇంట్లో ఉండి నేను ఒక్కసారి కూడా అడగలేదు. సాక్ష్యం లేకుండా ఏదీ ఒప్పుకోనని తిరిగినోణ్ణి, ఇంట్లో ఉన్న సాక్ష్యాన్ని చూడలేదు.

అప్పుడు ఆయన బైబిలు తీశాను. నమ్మి కాదు. ఈ మనిషికి ఇందులో ఏం దొరికిందో చూద్దామని. హబక్కూకు అని చిన్న పుస్తకం ఉంది అందులో, మూడే అధ్యాయాలు. మూడో అధ్యాయం పక్కన పెన్సిలుతో ఏళ్ళు రాసి ఉన్నాయి. 1977. 1990. 2002. 2010. ఇంకేమీ రాయలేదు. మన వైపు రైతుకి ఆ అంకెలు చదివితే చాలు. తుపాను, తుపాను, కరువు, లైలా. ఆ చోట ఉన్నదేందంటే, పంట పోయి, మంద పోయి, చేతిలో ఏమీ మిగలని మనిషి అయినా నేను దేవుణ్ణి వదలను అని చెప్పడం. పండినప్పుడు స్తోత్రం చెప్పే పేజీల పక్కన మా నాయన ఒక్క ఏడు కూడా రాసుకోలేదు.

చదివేకొద్దీ నాకు ఒకటి అర్థమయింది. దేవుడుంటే ఈ అన్యాయం ఏంది అని నేను అడిగిన ప్రశ్న నా సొంతం అనుకున్నా. ఆ పుస్తకంలో యోబు అదే అడిగాడు, నాకన్నా గట్టిగా. హబక్కూకు మొదలుపెట్టడమే దేవుడి మీద ఫిర్యాదుతో మొదలుపెట్టాడు. సిలువ మీద యేసు కూడా నన్నెందుకు వదిలేశావని అరిచాడు. అడిగినందుకు వీళ్ళెవరినీ అవిశ్వాసులని ఆ పుస్తకం తోసేయలేదు. తోమా సంగతి మీకు తెలిసే ఉంటది. గాయాలు చూస్తే గానీ నమ్మను అన్న శిష్యుడు. ఆయన్ని బయటికి గెంటలేదు, గాయాలు చూపించారు. ఆ తోమానే మన దక్షిణాదికి వచ్చాడని, మైలాపూరు దగ్గర చనిపోయాడని కేరళ, మద్రాసు వైపు క్రైస్తవులు తరతరాలుగా చెప్పుకుంటారు. అనుమానించిన శిష్యుణ్ణి తమ వంతుగా పెట్టుకున్న దేశం మనది.

చనిపోయిన మనిషి లేచాడన్నది ఎట్టా నమ్మావు అంటారా? నాకు అన్నిటికన్నా కష్టమయింది అదే. నేను చూసిన పద్ధతి చెప్తా. భూమి తగాదాల్లో నేను చాలా కాగితాలు చూశా. దొంగ కాగితం పుట్టించేవాడు సాక్షి సంతకాలు ఎవరివి పెట్టిస్తాడు? కరణానివి, మునసబువి, ఊళ్ళో మాట చెల్లే మోతుబరివి. ఖాళీ సమాధి కథలో మొదటి సాక్షులు ఆడవాళ్ళు. ఆ కాలంలో ఆ దేశంలో ఆడదాని సాక్ష్యానికి విలువ తక్కువ. వాళ్ళు చెప్తే శిష్యులే ముందు నమ్మలేదని కూడా రాశారు. పెద్ద శిష్యుడు పేతురు భయపడి ఆయనెవరో నాకు తెలీదు అన్నాడని దాచకుండా రాశారు. దొంగ లెక్క రాసేవాడు తన పరువు పోయే పద్దు రాయడు. ఇది రుజువు అని నేననను. కోర్టులో నిలబడదు. కానీ ఇది కట్టుకథ అని చేతులు దులుపుకుని పోవడం అప్పటి నుంచి నా వల్ల కాలేదు.

ఏడెనిమిదేళ్ళు అట్టా ఊగాను. ఒక్క రాత్రిలో వెలుగు కనపడి మారిన మనిషిని కాదు. మా సంఘం పాస్టరు గారు డెబ్బై దాటినోడు, ఇప్పటికీ సైకిలే. ఆయన దగ్గరికి పోయి వాదించేవాణ్ణి. తెలిసింది చెప్పేవాడు, తెలియంది తెలియదనేవాడు. మా అన్న సంగతి అడిగితే, "అది పాపం నాయనా, ఆ చెప్పినోడిది" అన్నాడు. అంతే అన్నాడు, ఇంకో ముక్క కలపలేదు. పాతికేళ్ళకు ఒక మనిషి ఆ మాట అన్నాడు.

మూడో మాట. పంట పండుద్దని ఆశ.

ఇక్కడ నేను మీ పక్షమే. ఇంకా చెప్పాలంటే మీకన్నా నాకే కోపం ఎక్కువ. విత్తన కానుక అని పేరు పెట్టి, పదివేలు వేస్తే లక్ష అయి వస్తదని మైకులో చెప్పేవాళ్ళు ఉన్నారు. నూనె సీసా తీసుకుపోయి చేలో చల్లితే తెగులు పోద్దనేవాళ్ళు ఉన్నారు. వడ్డీకి తెచ్చిన డబ్బు ఆ సంచుల్లో పడతంది. ఆ మాటలు చెప్పేవాళ్ళకీ, ప్యాకెట్టు మీద బంగారు బొమ్మ వేసి లోపల పుచ్చు గింజలు పోసి అమ్మేవాళ్ళకీ నాకు తేడా కనపడదు. క్రైస్తవులు చదువుతుంటే వినండి. ఊళ్ళోవాళ్ళు మనల్ని ఎంతిచ్చారని అడగడానికి సగం కారణం వీళ్ళే. మన వేదికల మీద రోజూ ఇంత వస్తది, అంత వస్తది అని బేరం చెప్పి, బయటోడు బేరం గురించి అడిగితే మనకు రోషం ఎందుకు?

మనం విత్తనం ఎట్టా కొంటాం? తెలివిగలోడు నూరు గింజలు లెక్కపెట్టి తడి గోనెసంచిలో చుట్టి పెడతాడు. శనగకు నూటికి 85 మొలవాలని లెక్క. మొలవకపోతే ఆ సంచి తిరగ్గొడతాడు. ఆ అనుమానం ఉండాల్సిందే. ఆ అనుమానం లేకపోబట్టే మా అన్న పోయాడు. బోధకుడి మాటను కూడా అట్టానే పరీక్ష చేయండి. రోగిని మందు మానమంటున్నాడా? పేదోణ్ణి అప్పు చేసి కానుక వేయమంటున్నాడా? సొంత లెక్కలు సంఘానికి చూపిస్తున్నాడా? మొలక రాకపోతే తిరగ్గొట్టండి. చెట్టును కాయలు చూసి తెలుసుకోమని చెప్పింది యేసే.

అయితే గింజను పరీక్ష చేయొచ్చు గానీ, కార్తెను పరీక్ష చేయలేం. మొలక తొంభై వచ్చినా, వాన ఎప్పుడు పడుద్దో, ఎంత పడుద్దో రాసిచ్చినోడు లేడు. అన్నీ తేలాక వేస్తానని కూర్చుంటే అదను దాటిపోద్ది. చూసుకోవాల్సింది చూసుకుని, ఆ పైన చెయ్యి వదిలి గింజను మట్టిలో వేస్తాం. నేను పాతికేళ్ళు పరీక్ష చేశా, మంచిదే. కానీ పరీక్ష అయిపోయాక కూడా గోనెసంచి దగ్గరే కూర్చున్నా. అది జాగ్రత్త కాదు, భయం. మళ్ళీ మోసపోతానేమో అని భయం. ఆ సంగతి నాకు నేను ఒప్పుకోవడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది.

2023 నవంబరులో పాస్టరు గారికి చెప్పా, క్రిస్మస్‌కు బాప్తిస్మం తీసుకుంటానని. డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. నెల రోజుల శనగ మీద నాలుగు రోజులు నీళ్ళు నిలబడ్డాయి. నల్లరేగడిలో ఆ తర్వాత ఏమయిందో మీ అందరికీ తెలుసు, మీ చేలూ పోయినయి. కొట్టు దగ్గర అన్నారు, "చూశావా, నీ దేవుడు పంపిన కానుక" అని. అట్టా అన్నోళ్ళ చేలూ మునిగే ఉన్నాయి, పాపం.

నేను పాస్టరు గారి దగ్గరికి పోయి, క్రిస్మస్‌కే కానిద్దాం అన్నా. ఆయన వద్దన్నాడు. "ఇప్పుడు సంఘం తరపున బియ్యం, దుప్పట్లు పంచుతున్నాం. మీ ఇంటికీ వస్తయి, ఊళ్ళో అందరి ఇళ్ళకీ వస్తయి. ఈ పంచడం అయిపోనీ. నువ్వు మళ్ళీ విత్తనం వెయ్యి. పంట చేతికొచ్చినా, రాకపోయినా, అప్పుడు కూడా ఇదే మాట అంటే రా" అన్నాడు. క్లౌ దొర పదిహేను నెలల సంగతి నేను మొదటిసారి విన్నది ఆ రోజు ఆయన నోటనే.

అప్పు తెచ్చి డిసెంబరు చివర్లో మళ్ళీ వేశా. అదను దాటిన పంట. ఎకరానికి మూడున్నర క్వింటాళ్ళు వచ్చింది. కౌలుకు కూడా చాల్లేదు. కళ్ళం ఎత్తి, కౌలు బాకీలో సగం కట్టి, మిగతా దానికి నోటు రాసి, ఏప్రిల్‌లో పోయి అదే మాట చెప్పా. మా ఊరి చెరువులో నడుం లోతు నీళ్ళల్లో ముంచాడు. ఒడ్డున పదిహేను మంది కూడా లేరు. అందులో ఒకామె, మా నాయన బియ్యం తీసుకుపోయి ఇచ్చిన ఆమె. మతం కోసం రాలేదు, మా నాయన ఉంటే వచ్చేవాడు గదా అని వచ్చానంది.

అదండీ నా లెక్క. పోయింది: ఎస్సీ కాగితం, సబ్సిడీ బోరు, కొట్టు దగ్గర కొంత పరువు. వచ్చింది డబ్బులో చెప్పాలంటే సున్నా. నోటు మీద అప్పు ఇంకా ఉంది, పోయినేడు కొంత తీరింది. పంట పోతే ఇప్పుడు కూడా నిద్ర పట్టదు. తేడా ఒక్కటే. మునుపు ఆ రాత్రుళ్ళు నాకు ఎవరి మీదో పగగా ఉండేది. ఇప్పుడు ఆ పక్కన ఒకరు కూర్చున్నట్టు ఉంటది. మా నాయన ఆమె గడప బయట కూర్చున్నట్టు. ఇది మీకు చూపించలేను. నమ్మమని బలవంతమూ చేయను.

చర్చిలో అంతా బాగుందని చెప్తే నేను మళ్ళీ అబద్ధం చెప్పినట్టే. ఒకే ఊళ్ళో కులానికో చర్చి ఉన్న చోట్లు మన జిల్లాలూ, పక్క జిల్లాలూ వెతికితే దొరుకుతయి. సమాధుల దొడ్లు కూడా వేరే. ఆ సంగతి మీద నేను నాస్తికుణ్ణిగా ఎంత తిట్టానో, ఇప్పుడూ అంతే తిడతా. మొన్న సంఘం మీటింగులో తిట్టా కూడా. లోపలికొచ్చింది నోరు మూసుకోవడానికి కాదు.

గుడికి పోయే అన్నదమ్ములకు ఒక మాట. మీ భక్తిని నేను వెక్కిరించను. వెక్కిరించడంలో నేను ఆరితేరినోణ్ణి, దాంతో ఏమీ రాదని అనుభవం మీద చెప్తున్నా. నాస్తిక మిత్రులకు ఒక మాట. మీ ప్రశ్నలు ఆపొద్దు. మీకు నచ్చిన అంకెను కూడా ఒకసారి ప్రశ్న అడగండి, నాకన్నా ముందే అడగండి. ఇంక ఎవరైనా బోధకుడు మీ ఇంట్లో రోగిని మందు మానమంటే నాకు కబురు పెట్టండి. రాత్రయినా వస్తా, ఆస్పత్రికి నేనే తీసుకుపోతా.

బుధవారం అడిగిన అబ్బాయికి: నాయనా, కోపం లేదు. నీ ఈడులో నేను నీకన్నా బాగా నవ్వించేవాణ్ణి. ఆదివారం సాయంత్రం పిడికెడు బియ్యం పంచడానికి పోతా, ఈ నెల వంతు నాది. సైకిలు వెనక సంచి పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. ప్రార్థన చేయమని అడగను. ఎంతిస్తున్నారో నీ కళ్ళతో చూద్దువు గానీ, రా.

శనగ అదను దగ్గరికొచ్చింది. వచ్చేవారం విత్తనశుద్ధి గురించి రాస్తా. ఈ లోపు నూరు గింజలు లెక్కపెట్టి గోనెసంచిలో చుట్టి పెట్టండి. దుకాణం వాడు ఎంత తెలిసినోడయినా సరే.